బ్లీచ్ చేసిన జుట్టుకి ప్రోటీన్ ట్రీట్‌మెంట్: 14 వారాల ప్రాజెక్టు డైరీ

వారం 0

ముందు జుట్టు పరిస్థితి రాసి పెట్టుకుంటున్నా, తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ మొదలుపెట్టానో తెలియాలి కదా. భుజాలు దాటి ఒక జానెడు పొడవు ఉంది. 8 నెలల కింద ఒకసారి బ్లీచ్ చేయించుకున్నా, రంగు సరిగ్గా రాలేదని రెండు వారాలకే ఇంకోసారి. అప్పటి నుంచి చివర్లు దూది పింజల్లా అయిపోయాయి, తడిగా ఉన్నప్పుడు చేత్తో పట్టుకుంటే నానబెట్టిన నూలుపోగుల్లా మెత్తగా జారిపోతాయి, ఆరాక మాత్రం పైకి లేచి నిలబడతాయి. దువ్వెన పెడితే చిన్న చిన్న ముక్కలు రాలుతున్నాయి.

జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదుళ్ల దగ్గర 8 సెంటీమీటర్లు బ్లీచ్ తగలని కొత్త జుట్టు, దాని కింద అంతా దెబ్బతిన్నది. అంటే ఒకే వెంట్రుకలో నాకు రెండు రకాల జుట్టు ఉంది. ఇది నాకు చాలా పనికొచ్చింది, పోల్చుకోవడానికి వేరే తల వెతుక్కోనక్కర్లేదు.

ఏది మెరుగైందో కళ్లతో చూసి చెప్పడం కష్టం అనిపించి రెండు కొలతలు పెట్టుకున్నా. ఒకటి, తలస్నానం చేసిన ప్రతిసారీ తెల్ల టవల్ మీద జుట్టు దువ్వి, పడ్డ వాటిని విడదీసి లెక్కపెట్టడం. ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి సహజంగా ఊడిన వెంట్రుక, దాన్ని లెక్కలోకి తీసుకోను. బొడిపె లేకుండా ముక్కగా ఉంటే అది మధ్యలో తెగింది, నాకు కావాల్సిన లెక్క అదే. మొదటి రోజు 61 ముక్కలు వచ్చాయి, చాలా బాధేసింది.

రెండోది సాగదీసే పరీక్ష. బాగా తడిసిన ఒక్క వెంట్రుక తీసుకుని రెండు వేళ్ల సందు ఎడం ఉంచి రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా లాగాలి. గట్టి వెంట్రుక తడిగా ఉన్నప్పుడు ఒక 30 శాతం దాకా సాగి, వదలగానే మళ్లీ మామూలు పొడవుకి వచ్చేస్తుంది. నా వెంట్రుక పైభాగం అలాగే చేసింది. కింది భాగం సాగి సాగి, వదిలినా అలాగే వేలాడి, ఇంకొంచెం లాగితే జిగురులా పల్చబడి తెగిపోయింది. వెంట్రుక లోపల పట్టు పోయిందని, ప్రోటీన్ అవసరమని చెప్పే గుర్తు ఇదే. అసలు సాగకుండానే టప్పున తెగితే దానర్థం వేరు, ఆ సంగతి ఐదో వారంలో బాగా తెలిసొచ్చింది.

వారం 1

ట్రీట్‌మెంట్ మొదలుపెట్టే ముందు అది లోపల ఏం చేస్తుందో అర్థం చేసుకోవాలనుకున్నా, అది తెలియకుండా పూస్తే ఎన్నిసార్లు పూయాలో ఎలా తెలుస్తుంది.

వెంట్రుకలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే ప్రోటీనే. బయట క్యూటికిల్, ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్న పొరలు. లోపల కార్టెక్స్, బలమంతా అక్కడే. కెరాటిన్ పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే గట్టి బంధాలు గంధకంతో ఏర్పడినవి, బ్లీచ్ రంగుని పోగొట్టేటప్పుడు వీటిలో కొన్నిటిని కూడా తెంపేస్తుంది. పైగా క్యూటికిల్ మీద పుట్టుకతో ఉండే సన్నని కొవ్వు పొరని కూడా ఊడగొడుతుంది, అది పోయాకే జుట్టు నీళ్లని స్పాంజిలా పీల్చుకోవడం, చిక్కు పడటం మొదలవుతుంది.

జుట్టు చనిపోయిన పదార్థం, చర్మంలా అదే మానిపోదు. ప్రోటీన్ ట్రీట్‌మెంట్ తెగిన బంధాల్ని మళ్లీ కట్టదు, ఖాళీల్లో అతుకు వేస్తుంది అంతే, కొన్ని తలస్నానాలకి ఆ అతుకు కరిగిపోతుంది. ఈ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకుని ఉంటే తర్వాత నేను చేసిన తప్పు చేసేదాన్ని కాదు.

అతుకు వేయాలంటే ప్రోటీన్ చిన్న ముక్కలుగా ఉండాలి. అందుకే సీసాల మీద హైడ్రోలైజ్డ్ అని ఉంటుంది, అంటే పెద్ద ప్రోటీన్‌ని నీళ్లతో, ఆమ్లంతో లేదా ఎంజైములతో ముక్కలు చేశారని. సుమారు 1000 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే కొలమానం) లోపు ఉన్న చిన్న ముక్కలు కార్టెక్స్ దాకా వెళ్లగలవు, అంతకంటే పెద్దవి పైన పల్చని పొరలా పరుచుకుంటాయి. రెండూ పనికొస్తాయి, చేసే పని వేరు. గుడ్డు పూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు, గుడ్డు తెల్లసొనలో ముఖ్యమైన ప్రోటీన్ సుమారు 45,000 డాల్టన్లు ఉంటుంది, అది వెంట్రుక లోపలికి దూరే సైజు కాదు. పైన కాసేపు పొరలా ఉండి కడిగితే పోతుంది.

ఇంకో మంచి విషయం, దెబ్బతిన్న చోట వెంట్రుకకి రుణావేశం ఎక్కువ, కండిషనర్లలోనూ కొన్ని ప్రోటీన్లలోనూ ధనావేశం ఉంటుంది కాబట్టి అవి దెబ్బతిన్న చోటికే ఎక్కువగా అంటుకుంటాయి. చివర్లు ఎక్కువ తాగుతాయి, కుదుళ్లు తక్కువ.

ఇక మొదటిసారి ఎలా చేశానో. ముందు క్లారిఫయింగ్ షాంపూతో ఒకసారి తలంటుకున్నా, జుట్టు మీద నూనె, సీరం, పాత కండిషనర్ పేరుకుని ఉంటే ప్రోటీన్ వాటి మీద కూర్చుంటుంది తప్ప వెంట్రుకని ముట్టదు. తర్వాత టవల్‌తో పిండాను, రుద్దలేదు. నీళ్లు కారుతున్న జుట్టు మీద పూస్తే మందు సగం నీళ్లతో పాటు కిందికి పోతుంది, మిగిలింది పల్చబడుతుంది. జుట్టు తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం కారకూడదు. నాలుగు పాయలు తీసి చెవుల కింది నుంచి చివర్ల దాకా ప్రోటీన్ మాస్క్ పూసి పెద్ద పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వా. సీసా మీద 10 నిమిషాలన్నారు, 10 నిమిషాలే ఉంచా. గోరువెచ్చని నీళ్లతో కడిగేసి, ప్రోటీన్ లేని మామూలు కండిషనర్ పూసి 5 నిమిషాలుంచి మళ్లీ కడిగా.

ఈ చివరి కండిషనర్ మెట్టు ఎవరూ వదలొద్దు. ప్రోటీన్ ఒక్కటే పూసి వదిలేస్తే జుట్టు బిరుసుగా ఉంటుంది, ఆ బిరుసుతో దువ్వితే అతుకు వేసిన చోటే మళ్లీ తెగుతుంది.

ఆరాక పట్టుకుంటే నిజంగా ఆశ్చర్యమేసింది, దూదిలా ఉన్న చివర్లకి బరువొచ్చింది, వేళ్ల మధ్య వెంట్రుక అనేది ఒకటుందని తెలుస్తోంది. తర్వాతి తలస్నానానికి ముక్కలు 38.

వారం 2, 3, 4

ఇక్కడ ఎక్కువ రాయలేదు, అన్నీ బాగున్నాయి కదా అని. ప్రతి వారం ఒకసారి మాస్క్ పెట్టా. రెండో వారం ముక్కలు 24. ఇంత బాగుంటే ఇంకా బాగుండాలి కదా అని లీవ్-ఇన్ స్ప్రే ఒకటి తెచ్చుకుని రోజూ కొట్టుకున్నా, షాంపూ అయిపోతే డ్యామేజ్ రిపేర్ అని రాసి ఉన్నది తెచ్చుకున్నా, దానికి జతగా అదే రకం కండిషనర్. నాలుగో వారంలో మాస్క్ 10 నిమిషాల బదులు 40 నిమిషాలు ఉంచా, షవర్ క్యాప్ కూడా పెట్టి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ లోపలికి పోతుందనుకున్నా. వెంట్రుక పట్టగలిగినంత పట్టాక మిగిలింది పైనే పేరుకుంటుంది, లేబుల్ మీద రాసిన సమయం ఊరికే రాసింది కాదు.

వారం 5

ఆదివారం తలస్నానం తర్వాత జుట్టు కొబ్బరి పీచులా అయింది. మెరుపు లేదు, వంచితే వంగట్లేదు, దువ్వితే చిటచిటమని చప్పుడు. ముక్కలు 74, అంటే మొదటి రోజు కంటే ఎక్కువ. సాగదీసే పరీక్ష చేస్తే చివరి భాగం అసలు సాగలేదు, పట్టుకుని కొంచెం లాగగానే తెగింది.

భయమేసి అక్కకి ఫోన్ చేస్తే "పొడిబారింది అంతేనే, ఇంకోసారి ఆ మాస్క్ పెట్టు" అంది. అందరూ పడే పొరపాటు ఇదే, గరుకుగా ఉంటే డ్యామేజ్ పెరిగిందనుకుని ఇంకా ప్రోటీన్ పెడతారు, అది ఇంకా గరుకవుతుంది. నేనూ సీసా చేతిలోకి తీసుకున్నా, కానీ పరీక్షలో సాగకుండా తెగింది కదా అని గుర్తొచ్చి పక్కన పెట్టేశా. మొదట్లో జిగురులా సాగి తెగింది, ఇప్పుడు పుల్లలా తెగుతోంది. రెండూ తెగడమే, కారణాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

అయితే వెంటనే ప్రోటీన్ మీదే నింద వేయలేదు. ఉప్పు నీళ్లు, అంటే కాల్షియం మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లతో తలస్నానం చేస్తే ఆ లవణాలు వెంట్రుక మీద పేరుకుని ఇలాంటి బిరుసే తెప్పిస్తాయి. అది తేల్చుకోవడానికి ఒక్క పాయని మాత్రం ఈడీటీఏ ఉన్న చీలేటింగ్ షాంపూతో కడిగా, ఈడీటీఏ లవణాల్ని పట్టుకుని నీళ్లతో పాటు తీసుకుపోతుంది. ఆ పాయకి మెరుపు కొంచెం వచ్చింది, కానీ వెంట్రుక అలాగే సాగకుండా తెగింది. అంటే లవణాలు కొంత ఉన్నా అసలు కారణం ప్రోటీన్ ఎక్కువవడమే.

అదే రోజు బాత్రూంలో ఉన్న సీసాలన్నీ బయట పెట్టి లేబుళ్లు చదివా. షాంపూలో హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్. కండిషనర్‌లో హైడ్రోలైజ్డ్ కెరాటిన్. స్ప్రేలో సిల్క్ ప్రోటీన్, అది రోజూ, కడగకుండా. వీటి పైన మాస్క్. వారానికి ఒక్కసారే ప్రోటీన్ వాడుతున్నా అనుకున్నా గానీ లెక్కేస్తే వారంలో 12 సార్లు వాడుతున్నా.

లేబుల్ గురించి

ఇది విడిగా రాయాలి, ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

సీసా ముందు వైపు రాసినదాన్ని పట్టించుకోకండి, వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా ఎక్కువ ఉన్నదానితో మొదలై తక్కువ ఉన్నదానితో ముగుస్తుంది, కాకపోతే 1 శాతం లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందుకే ప్రోటీన్ పేరు నీళ్లు, కొవ్వు ఆల్కహాళ్ల తర్వాత మొదటి నాలుగైదింటిలో ఉంటే అది గట్టి ట్రీట్‌మెంట్. సువాసన, ప్రిజర్వేటివ్‌ల దగ్గర చివర్లో ఉంటే చాలా కొద్దిగా ఉన్నట్టు. ముందు పెద్ద అక్షరాలతో కెరాటిన్ అని వేసి వెనక చివరి వరుసలో పెట్టినవి నా దగ్గర రెండు దొరికాయి.

హైడ్రోలైజ్డ్ అనే మాట తర్వాత వీట్, సోయ్, రైస్, ఓట్, సిల్క్, కెరాటిన్, కొలాజెన్ ఏదున్నా అది ప్రోటీనే. హైడ్రాక్సీప్రొపైల్ ట్రైమోనియం అని పొడుగ్గా ముందు తగిలించి ఉంటే ఆ ప్రోటీన్‌కి ధనావేశం కలిపారని, అది జుట్టుకి ఇంకా గట్టిగా అంటుకుంటుంది, కడిగినా త్వరగా పోదు. అమినో యాసిడ్స్ అని విడిగా ఉంటే అవి ప్రోటీన్ కంటే చాలా చిన్నవి, అంత బిరుసు తెప్పించవు. సీటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్ చూసి ఆల్కహాల్ ఉందని భయపడొద్దు, అవి జుట్టుని మెత్తబరిచే కొవ్వు పదార్థాలు. నాకు ఇప్పుడు కావాల్సినవే అవి.

గోధుమ ఎలర్జీ ఉన్నవాళ్లు వీట్ ప్రోటీన్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి, ఇది నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. జపాన్‌లో హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్ ఉన్న ఒక ముఖం సబ్బు వాడినవాళ్లలో 2,000 మందికి పైగా గోధుమ ఎలర్జీ వచ్చింది, 2011లో ఆ సబ్బుని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత యూరప్‌లో 2017లో సౌందర్య సాధనాల్లో వాడే ఈ ప్రోటీన్ ముక్కల సైజు సగటున 3,500 డాల్టన్లు మించకూడదని నియమం పెట్టారు. దురద, దద్దుర్లు వస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోవాలి, సోయా లేదా సిల్క్‌కి మారి చూద్దాం అని ప్రయోగాలు వద్దు.

వారం 6

అన్నీ ఆపేశా. షాంపూ, కండిషనర్ రెండూ ప్రోటీన్ లేనివి తెచ్చుకున్నా, స్ప్రే పక్కన పెట్టేశా. మొదటి తలస్నానం క్లారిఫయింగ్ షాంపూతో, తర్వాత మెత్తటి కండిషనర్ పూసి 15 నిమిషాలు. రెండోసారి నుంచి మామూలు షాంపూ, ఎందుకంటే క్లారిఫయింగ్ షాంపూ ప్రతిసారీ వాడితే బ్లీచ్ చేసిన జుట్టు ఇంకా ఎండిపోతుంది. తలంటుకునే ముందు రాత్రి చివర్లకి కొబ్బరి నూనె కొద్దిగా రాశా. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే, జుట్టు నుంచి ప్రోటీన్ పోవడాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. ఉన్న ప్రోటీన్ పోకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే కదా, బయట నుంచి పెట్టేదొక్కటే కాదు.

మొదటి తలస్నానానికి పెద్ద తేడా లేదు. రెండోదానికి చిటచిట తగ్గింది. నాలుగోదానికి, అంటే రెండు వారాలు కాస్త నిండకముందే, వెంట్రుక మళ్లీ సాగి వెనక్కి రావడం మొదలైంది. ముక్కలు 33. ప్రోటీన్ ఎక్కువైతే జుట్టు పాడైపోయినట్టే అని భయపడేవాళ్లకి ఇది చెప్పాలి, పైన పేరుకున్న పొర కడుగుతుంటే పోతుంది, ఓపిక పట్టాలి. ఆ బిరుసులో తెగిపోయిన ముక్కలు మాత్రం తిరిగి రావు, అందుకే ఆ రెండు వారాలు పొడిగా ఉన్నప్పుడు దువ్వెన పెట్టలేదు, కండిషనర్ ఉండగానే వేళ్లతో చిక్కు తీసుకున్నా, బిగుతుగా జడ వేయలేదు.

వారం 7 నుంచి 11: రెండు వైపులు

ఎన్ని రోజులకోసారి పెట్టాలన్నది ఈసారి ఊహతో తేల్చుకోదల్చుకోలేదు. నడినెత్తిన పాపిట తీసి తలని రెండు భాగాలు చేశా. ఎడమ వైపు రెండు వారాలకోసారి మాస్క్, కుడి వైపు నాలుగు వారాలకోసారి. మిగతావన్నీ రెండు వైపులా ఒకటే, ఒకే షాంపూ, ఒకే కండిషనర్, స్ప్రే లేదు, హీట్ లేదు. మాస్క్ 10 నిమిషాలే, కండిషనర్ తప్పకుండా. ఒక వైపు పూసేటప్పుడు ఇంకో వైపుకి తగలకుండా క్లిప్పులు పెట్టి షవర్ క్యాప్ కట్టడం కొంచెం పని, అయినా చేయండి, నెలలు తిప్పి తిప్పి వాడే సీసాలకంటే ఇది త్వరగా చెబుతుంది.

ఏడో వారం రెండు వైపులా పెట్టా. ఎనిమిదో వారం రెండూ ఒకేలా ఉన్నాయి. తొమ్మిదో వారం ఎడమకి రెండోసారి పెట్టా, ఆ రోజు బాగుంది. పదో వారం కుడి వైపు చివర్లు మళ్లీ తడిలో జారుడుగా, సాగి వెనక్కి రాకుండా కనిపించాయి, ముక్కలు కుడి వైపు 21, ఎడమ వైపు 12. అంటే ఎడమే గెలిచిందనుకున్నా. పదకొండో వారం ఎడమకి మూడోసారి పెట్టబోయే ముందు పరీక్ష చేస్తే ఎడమ చివర్లు సగం మాత్రమే సాగి తెగాయి. బిరుసు అప్పుడే మొదలవుతోంది, ఇంకోసారి పెట్టి ఉంటే ఐదో వారం మళ్లీ వచ్చేది. ఎడమకి ఆ రోజు పెట్టలేదు, ప్లాన్ మార్చి కుడికి మాత్రం పెట్టా. నాలుగు వారాలు ఎక్కువ, రెండు వారాలు తక్కువ, నా జుట్టుకి మూడు దగ్గర కుదురుతుంది.

ఇంకొకటి గమనించా. ఒకే పాయలో కూడా మధ్య భాగానికి, చివరి 6 సెంటీమీటర్లకి తేడా ఉంది. చివర్లు జిగురులా ఉన్న రోజే మధ్య భాగం చక్కగా సాగి వెనక్కి వస్తోంది. అందుకే ఇప్పుడు మాస్క్ చివర్లకి ముందు పూసి, ఆఖరి 3 నిమిషాలు మాత్రమే మధ్యకి తీసుకొస్తున్నా. కొత్తగా పెరిగిన కుదుళ్లకి అసలు పూయట్లేదు, వాటికి అక్కర్లేదు.

అక్క జుట్టు

మధ్యలో అక్క వచ్చినప్పుడు "నాకూ పెట్టవే, నీ జుట్టు బాగుపడింది కదా" అంది. అక్కది ఎప్పుడూ రంగు వేయని, లావుగా ఒత్తుగా ఉండే జుట్టు. తలస్నానానికి వెళ్తే తడవడానికే చాలాసేపు పడుతుంది, ఆరడానికి ఇంకా ఎక్కువసేపు, అంటే క్యూటికిల్ పొరలు దగ్గర దగ్గరగా మూసుకుని ఉన్నాయని. ముందు పరీక్ష చేద్దామక్కా అని ఒక వెంట్రుక తడిపి లాగితే చక్కగా సాగి వెనక్కి వచ్చేసింది. నీకు దీని అవసరం లేదక్కా అన్నా. "నీకు మాత్రం పెట్టుకుంటావు" అని అలిగింది. సరే అని మెడ వెనక ఒక్క పాయకి పెట్టా, ఆరాక ఆ పాయ ఒక్కటే పుల్లలా నిలబడింది, పక్క జుట్టు మెత్తగా ఉంది. చేత్తో పట్టుకుని చూసుకుని "నిజమేనే, దీనికంటే నా మామూలు కండిషనరే నయం" అంది. ఒకసారి తలంటుకోగానే ఆ పాయ మామూలైపోయింది.

గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి, అది తేలుతుందా మునుగుతుందా అన్నదాన్ని బట్టి జుట్టు నీళ్లని ఎంత పీల్చుకుంటుందో చెప్పే పరీక్ష కూడా అక్క చేయించింది. అది నమ్మొద్దు, వెంట్రుక మీద కొంచెం నూనె ఉన్నా తేలుతుంది, అదే తల నుంచి తీసిన రెండు వెంట్రుకలు రెండు రకాలుగా చేశాయి.

వెళ్తూ వెళ్తూ అక్క పార్లర్‌లో చేసే కెరాటిన్ ఇదేనా అని అడిగింది. కాదు. అది జుట్టుని తిన్నగా చేసే ప్రక్రియ, పేరులో కెరాటిన్ ఉంటుంది గానీ పని చేసేది ఎక్కువగా ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే రసాయనాలు లేదా గ్లయాక్సిలిక్ యాసిడ్, వాటిని 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ పలకతో వెంట్రుకలోకి కాలుస్తారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఇంట్లో కడిగేసే ప్రోటీన్ మాస్క్‌కీ దానికీ పేరు తప్ప పోలిక లేదు. అలాగే బాండ్ బిల్డర్లని కొత్తగా వస్తున్నవి కూడా వేరు, వాటిలో ప్రోటీన్ ఉండదు, తెగిన బంధాల మీద పని చేసేలా తయారుచేసిన చిన్న అణువులు. కొన్ని సీసాల్లో రెండూ కలిపి ఉంటాయి, లేబుల్ చూసుకోవాలి.

వారం 12

ఒక స్నేహితురాలు గట్టిపడే రకం ట్రీట్‌మెంట్ ఇచ్చింది, పూసి డ్రయ్యర్‌తో ఆరబెడితే జుట్టు అట్టలా బిగుసుకునే రకం. బాగా తెగిపోతున్న జుట్టుకి అది పనికొస్తుంది, కానీ వాడేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. బిగుసుకున్నాక జుట్టుని కదపకూడదు, దువ్వకూడదు, ముడి వేయకూడదు, అలాగే షవర్ కిందికి వెళ్లి నీళ్లతో మెత్తబడ్డాకే ముట్టుకోవాలి, తర్వాత మాయిశ్చర్ కండిషనర్ తప్పనిసరి. ఇలాంటివి ఆరు వారాలకోసారి కంటే ముందు వద్దు. నా పరీక్షలో ఇప్పుడు అంత అవసరం కనిపించట్లేదు కాబట్టి మూత తీయకుండా తిరిగిచ్చేశా.

డ్రయ్యర్ అంటే గుర్తొచ్చింది, తడి జుట్టు మీద ఇస్త్రీ పలక అసలు పెట్టకండి. పొడి జుట్టులో కెరాటిన్ 200 డిగ్రీల పైన దెబ్బతింటే, తడి జుట్టులో అంతకంటే చాలా తక్కువ వేడికే దెబ్బతింటుంది, లోపలి నీళ్లు ఆవిరై బుడగల్లా లేస్తాయి. మూడు వారాలకోసారి వేసే అతుకుని ఐదు నిమిషాల్లో పాడుచేసుకోవడం అది.

వారం 13

చివర్లు 3 సెంటీమీటర్లు కత్తిరించుకున్నా. పరీక్ష మధ్యలో కత్తిరిస్తే ముక్కల లెక్క తప్పవుతుందని ఇన్నాళ్లూ ఆగా. రెండుగా మూడుగా చీలిన చివర్లని ఏ ప్రోటీనూ అతికించదు, కాసేపు అంటుకున్నట్టు కనిపిస్తాయి, తర్వాతి తలస్నానానికి మళ్లీ విచ్చుకుంటాయి, ఆ చీలిక పైకి పాకుతుంది కూడా. కత్తెరే దారి.

తర్వాతి తలస్నానం, ముక్కలు 11. రెండు వైపులా కలిపి.

వారం 14

కుడి వైపు చివరి మాస్క్‌కి ఈ రోజుతో మూడు వారాలు, ఎడమకి ఐదు. తలంటుకుని, పిండి, ముందు పరీక్ష. ఎడమ చివర సాగి నెమ్మదిగా సగమే వెనక్కి వచ్చింది, కుడి చివర కొంచెం ఆలస్యంగా అయినా పూర్తిగా వచ్చింది. కాబట్టి ఎడమకి 10 నిమిషాలు, కుడికి 5 నిమిషాలు, మధ్య భాగాలకి ఆఖర్లో కొద్దిగా. కండిషనర్ 5 నిమిషాలు. ఆరాక రెండు వైపులా చెయ్యి పెట్టి చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయా. ముక్కలు 9.

మొదట్లో 8 సెంటీమీటర్లున్న కొత్త జుట్టు ఇప్పుడు 11 దాటింది, టేపు పెట్టి కొలిచి ఈ పేజీ అంచున రాశా. బ్లీచ్ తగిలిన భాగం ఇంకా ఉంది, అది పూర్తిగా పోయేదాకా మాస్క్ అవసరం ఉంటుంది, అయితే కత్తిరించిన ప్రతిసారీ కొంచెం తక్కువ. ఇప్పటి సీసాలో ఇంకో నాలుగుసార్లకి సరిపడా ఉంది. తర్వాతి పరీక్ష మూడు వారాలకి, ఆ రోజు సాగి వెనక్కి వస్తే సీసా ముట్టుకోను, ఇంకో వారం ఆగి మళ్లీ లాగి చూస్తా.